గరుకు సిమెంటు గోడ ఫౌంటెన్: రూపకల్పన, నిర్మాణం, నిర్వహణ

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరవాత మీరు:

• సిమెంటు పూతలోంచి నీరు ఎందుకు ఊరుతుందో వివరించగలుగుతారు.
• గోడ ఫౌంటెన్‌కు కావలసిన తొట్టి పరిమాణాన్ని, పంపు సామర్థ్యాన్ని లెక్కకట్టగలుగుతారు.
• నిర్మాణంలో ఏ పని తరవాత ఏ పని చేయాలో, ఎందుకలా చేయాలో చెప్పగలుగుతారు.
• పూత గరుకుదనాన్ని బట్టి నీటి నడక, చప్పుడు ఎలా మారుతాయో గుర్తించగలుగుతారు.
• విద్యుత్తు, దోమలు, పసిపిల్లల విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలను పాటించగలుగుతారు.

9.1 పరిచయం

హోటళ్ల ముందు గదుల్లో, ఆసుపత్రుల వరండాల్లో, ఈమధ్య ఇళ్ల పెరళ్లలో కూడా గోడ మీదుగా నీరు సన్నగా జారే ఫౌంటెన్‌లు కనిపిస్తున్నాయి. చూడడానికి కొండరాయిలా ఉన్నా వాటిలో చాలా భాగం ఇటుక గోడ మీద గరుకుగా పూసిన సిమెంటే. కింద ఒక తొట్టి, అందులో చిన్న పంపు, పైకి ఒక గొట్టం, పైన ఒక దోనె ఉంటాయి. పంపు ఎత్తిన నీరు దోనె నిండి, అంచు మీదుగా పొంగి, గోడ వెంట జారి మళ్లీ తొట్టిలో పడుతుంది. ఒకసారి పోసిన నీరే తిరుగుతూ ఉంటుంది. కట్టుబడికి ఒకటి రెండు రోజులు మేస్త్రీ సహాయం తీసుకుంటే మిగిలిన పని ఎవరికి వారే చేసుకోవచ్చు.

అయితే ఈ పనికి పూనుకున్నవారిలో ఎక్కువమంది మొదట ఆలోచించేది పైకి కనిపించే గరుకు పూత గురించి. నీరు ఎటు పోతుంది, ఎక్కడ ఆగుతుంది, ఎక్కడ ఇంకుతుంది అనే ప్రశ్నలు ఆ తరవాత గాని రావు. ఈ యూనిట్‌లో మనం ఆ వరసను తిరగవేస్తాం. ముందు నీటి దారిని నిర్ణయించి, తరవాత ఆ దారికి తగిన గోడను కట్టి, చివర అలంకారం చేస్తాం.

9.2 పూర్వరూపాలు

గోడ మీదుగా నీటిని జార్చి ఆనందించడం కొత్త సంగతి కాదు. కాశ్మీరులోని షాలిమార్, నిషాత్ తోటల్లో ఒక అంతస్తు నుంచి కింది అంతస్తుకు నీరు వాలుగా పెట్టిన రాతి పలకల మీదుగా దిగుతుంది. ఈ ఏర్పాటును ‘చాదర్’ అంటారు. మనం కప్పుకొనే ‘చద్దరు’ కూడా ఆ మాటే. పలక మీద చెక్కిన ఎత్తుపల్లాలకు తగిలి నీరు నురగలుగా విరిగి, తెల్లటి దుప్పటి పరిచినట్లు కనిపిస్తుంది. ఢిల్లీ ఎర్రకోటలోని షా బుర్జ్ మండపంలోనూ ఇటువంటి పాలరాతి వాలు ఉంది. నునుపైన రాతి మీద నీరు సరిగా కంటికి ఆనదని, గరుకుదనమే నీటికి రూపాన్ని, శబ్దాన్ని ఇస్తుందని ఆ శిల్పులు గ్రహించారు.

పూతతో రాతి భ్రమ కలిగించే విద్య మన ప్రాంతంలో పాతదే. 1591లో కట్టిన చార్మినారు మీది పూల పనితనం సున్నపు గచ్చుతో చేసినది. దేవాలయ గోపురాల మీది బొమ్మల్లో చాలావాటికి కూడా ఇటుక, సున్నమే ఆధారం. జోసెఫ్ ఆస్ప్‌డిన్ 1824లో ఇంగ్లండులో పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు పొందిన తరవాత, క్రమంగా సున్నం స్థానాన్ని సిమెంటు ఆక్రమించింది. సిమెంటు త్వరగా గట్టిపడుతుంది కాబట్టి పని వేగం పెరిగింది. కాని పూతకు ఆకృతి ఇవ్వడానికి మన చేతిలో ఉండే వ్యవధి తగ్గింది. గరుకు పూత పనిలో ఈ సంగతిని గుర్తుంచుకోవాలి.

9.3 సిమెంటు పూత, నీరు

9.3.1 పూతలో దారులు

సిమెంటు గట్టిపడడమంటే ఎండిపోవడం కాదు. అది నీటితో జరిగే రసాయన చర్య. ఈ చర్యకు కిలో సిమెంటుకు సుమారు 250 మి.లీ. నీరు చాలు. కాని అంత తక్కువ నీటితో కలిపిన మాలు తాపీకి లొంగదు. అందువల్ల 450 నుంచి 500 మి.లీ. వరకు కలుపుతాం. చర్యలో పాల్గొనని నీరు రోజుల తరబడి ఆవిరైపోతూ, తానున్న చోట వెంట్రుక కన్నా సన్నని దారులను వదిలిపోతుంది. దీపపు వత్తి నూనెను పైకి లాగినట్లే ఈ దారులు నీటిని లోపలికి లాగుతాయి. దీనినే కేశనాళికీయత అంటారు.

ఇంటి బయటి గోడ వానకు తడిసినా తరవాత ఎండ కాస్తుంది కాబట్టి ఆరిపోతుంది. ఫౌంటెన్ గోడకు ఆ అవకాశం లేదు. రోజుకు ఐదారు గంటలు, ఏడాది పొడవునా అది తడుస్తూనే ఉంటుంది. లోపలికి ఇంకిన నీరు సిమెంటులోని కాల్షియం హైడ్రాక్సైడును కరిగించుకొని పైకి వస్తుంది. అది గాలిలోని కార్బన్ డై ఆక్సైడుతో కలిసి కాల్షియం కార్బొనేటుగా మారి తెల్లటి పూతలా పేరుకుంటుంది. తడి గోడల మీద కనిపించే ‘ఉప్పు’లో చాలా భాగం ఇదే.

9.3.2 ఒక అనుభవం

ఈ యూనిట్ రాయడానికి నాకున్న అర్హతల్లో నా డాక్టరేటు కన్నా నేను చేసిన ఒక పొరపాటే పెద్దది. ఉద్యోగ విరమణ చేసిన ఏడాది మా ఇంటి వెనక గోడకు ఒక ఫౌంటెన్ కట్టాను. గోడ ఎటూ ఉంది కదా అని దాని మీదే గరుకు పూత వేశాను. రాయి అనుకొని తట్టి చూసినవాళ్లు ఉన్నారు. తరగతిలో కేశనాళికీయత పాఠం ఎన్నేళ్లు చెప్పానో లెక్కలేదు. అయినా ఆ గోడకు అవతలి పక్కన మా అమ్మ పడుకునే గది ఉందన్న సంగతి నా ఆలోచనలోకి రాలేదు.

వానాకాలం వెళ్లేసరికి ఆ గదిలో గోడ రంగు ఉబ్బింది. చలికాలం వచ్చేసరికి మంచం వెనక నల్లటి బూజు పట్టింది. అమ్మకు ముందు నుంచీ ఆయాసం ఉంది. ఆ ఏడాది దగ్గు తగ్గలేదు. వాతావరణం అనుకున్నాం. సంక్రాంతికి సున్నం వేయడానికి వచ్చిన మేస్త్రీ గోడ మీద చెయ్యి పెట్టి, “సార్, వాన గోడను ఒక పూట తడుపుతుంది. మీరు రోజూ తడిపారు గదా” అన్నాడు. అమ్మను ముందు గదిలోకి మార్చి ఫౌంటెన్‌ను పగలగొట్టించాను. గోడ పూర్తిగా ఆరడానికి ఎండాకాలం దాకా పట్టింది. రెండో ఫౌంటెన్‌ను విడి గోడగా కట్టాను. కింద చెప్పబోయేది ఆ రెండోదాని పద్ధతి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
(అ) మాలులో అవసరానికి మించి నీరు కలిపితే పూతకు కలిగే నష్టం ఏమిటి?
(ఆ) వానకు తడిసే గోడకు, ఫౌంటెన్ గోడకు తేడా ఏమిటి?

9.4 రూపకల్పన

9.4.1 స్థలం

ఫౌంటెన్‌ను ఇంటి గోడకు ఆనించకూడదు. కనీసం 8 సెం.మీ. ఎడం వదిలి విడిగా కట్టాలి. ఈ ఎడంలో గాలి ఆడి గోడ వెనకభాగం ఆరుతూ ఉంటుంది. గొట్టం కూడా అందులోంచే పోతుంది. రోజంతా ఎండ పడే చోట నీరు త్వరగా ఆవిరవుతుంది, నాచు ఎక్కువగా పడుతుంది. ఆకులు రాలే చెట్టు కింద పంపు తరచు మూసుకుపోతుంది. పాక్షికంగా నీడ ఉండి, ఇంట్లోంచి కనిపించే చోటు మంచిది.

9.4.2 కొలతలు

ఉదాహరణగా ఒక నమూనాను తీసుకుందాం. ఎత్తులన్నీ పునాది కాంక్రీటు పైభాగం నుంచి కొలిచినవి.

• వెనక గోడ: ఒక ఇటుక వెడల్పు మందం (సుమారు 11.5 సెం.మీ.), లోపలి వెడల్పు 75 సెం.మీ., ఎత్తు 130 సెం.మీ.
• పక్క గోడలు: తొట్టి ఎత్తు వరకు తొట్టి అంత లోతు, ఆ పైన 23 సెం.మీ. ముందుకు. ఇవి వెనక గోడను పడిపోకుండా పట్టుకుంటాయి, తుంపరలను ఆపుతాయి.
• తొట్టి లోపలి కొలత: 75 × 40 సెం.మీ., లోతు 30 సెం.మీ. అడుగు 10 సెం.మీ. ఎత్తున, అంచు 40 సెం.మీ. ఎత్తున ఉంటాయి.
• పై దోనె: లోపలి కొలత 60 × 8 × 8 సెం.మీ. ముందు అంచు 140 సెం.మీ. ఎత్తున ఉంటుంది.

తొట్టిలో 22 సెం.మీ. లోతు నీరు పోస్తే దాని పరిమాణం:

75 × 40 × 22 = 66,000 ఘ.సెం.మీ. = 66 లీటర్లు

ఇటుక, కాంక్రీటు, పూత, నీరు అన్నీ కలిపితే ఈ నమూనా బరువు 900 కిలోలకు పైగా ఉంటుంది. కాబట్టి దీనిని నేల మీదే కట్టాలి. బాల్కనీలో గాని, డాబా మీద గాని కట్టకూడదు.

9.4.3 పంపు ఆగినప్పుడు ఏమవుతుంది?

పంపు నడుస్తున్నంతసేపు కొంత నీరు దోనెలో, గొట్టంలో, గోడ మీద ఉంటుంది. దోనెలో 60 × 8 × 8 = 3,840 ఘ.సెం.మీ., అంటే సుమారు 3.8 లీటర్లు. మిగిలినదంతా కలిపి మరో 0.7 లీటరు అనుకుందాం. మొత్తం 4.5 లీటర్లు. గొట్టాన్ని దోనె అడుగున కలిపితే పంపు ఆగగానే ఈ నీరంతా వెనక్కి దిగి తొట్టిలో చేరుతుంది. తొట్టి వైశాల్యం 75 × 40 = 3,000 చ.సెం.మీ. కాబట్టి నీటిమట్టం 4,500 ÷ 3,000 = 1.5 సెం.మీ. పెరుగుతుంది.

దీనివల్ల రెండు నియమాలు ఏర్పడతాయి. ఒకటి, తొట్టిని ఎప్పుడూ పంపు ఆపి ఉంచి నింపాలి. రెండు, గొట్టం దోనె అడుగునే కలవాలి. అలా చేస్తే పంపు ఆగిన తరవాత పైన నీరు నిలవదు, దోమకు చోటు దొరకదు.

9.4.4 పంపు ఎంపిక

పంపు పెట్టె మీద రెండు అంకెలు ఉంటాయి. గంటకు ఎన్ని లీటర్లు తోడుతుందో ఒకటి, గరిష్ఠంగా ఎంత ఎత్తుకు తోడగలదో మరొకటి. ఈ రెండూ ఏకకాలంలో నిజం కావు. మొదటి అంకె నీటిని అసలు పైకి ఎత్తనవసరం లేనప్పటిది. రెండో అంకె దగ్గర నీరు గొట్టంలో నిలబడుతుంది, బయటికి రాదు.

మన నమూనాలో నీటిమట్టం 32 సెం.మీ. ఎత్తున, దోనె అంచు 140 సెం.మీ. ఎత్తున ఉన్నాయి. తేడా 108 సెం.మీ. గొట్టంలో, మలుపుల దగ్గర కలిగే నష్టానికి మరో 32 సెం.మీ. కలిపితే 1.4 మీ. గంటకు 1,500 లీటర్లు, గరిష్ఠ ఎత్తు 2.5 మీ. అని రాసి ఉన్న పంపును తీసుకుంటే స్థూలంగా:

1,500 × (2.5 − 1.4) ÷ 2.5 = గంటకు 660 లీటర్లు = నిమిషానికి 11 లీటర్లు

60 సెం.మీ. వెడల్పు గల గరుకు గోడకు నిమిషానికి 10 లీటర్ల దగ్గర మొదలుపెట్టి, గొట్టానికి బిగించిన వాల్వుతో తగ్గించుకోవచ్చు. పని మొదలుపెట్టకముందే పంపును 1.1 మీ. ఎత్తుకు తోడించి, నిమిషంలో బకెట్టులో ఎంత నీరు పడిందో కొలవండి. పెట్టె మీది అంకె కన్నా ఈ కొలతే నమ్మదగినది.

నీరు పలచగా ఉందనిపిస్తే పెద్ద పంపు కొనాలని తోస్తుంది. తొందరపడకండి. నునుపైన నిలువు గోడ మీద నెమ్మదిగా జారే పలచటి నీటి పొర మందం రెట్టింపు కావాలంటే సిద్ధాంతరీత్యా ఎనిమిది రెట్లు నీరు కావాలి. అందువల్ల పంపును పెంచడం కన్నా పూతను గరుకుగా చేసి నీటిని కంటికి కనిపించేలా చేయడం తేలిక.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
తొట్టి లోపలి కొలత 90 × 50 సెం.మీ. పంపు ఆగినప్పుడు 6.3 లీటర్ల నీరు తిరిగి వస్తే మట్టం ఎంత పెరుగుతుంది?

9.5 నిర్మాణ క్రమం

సుమారు 140 ఇటుకలు, రెండు బస్తాల సిమెంటు, జల్లించిన ఇసుక, కంకర, 20 మి.మీ. పీవీసీ గొట్టం కావాలి. దోనె అంచు కోసం 60 సెం.మీ. పొడవు గల నున్నటి గ్రానైటు ముక్కను గాని తాండూరు బండ ముక్కను గాని సిద్ధం చేసుకోవాలి. తాపీ, రసమట్టం, తూకం గుండు దగ్గర ఉంచుకోవాలి. తడి సిమెంటుకు క్షారగుణం ఎక్కువ. ఒట్టి చేతులతో పనిచేస్తే చర్మం కాలినట్లు పుండ్లు పడతాయి. రబ్బరు చేతి తొడుగులు తప్పనిసరి. ఇటుకలు, రాళ్లు కోసేటప్పుడు ముక్కుకు మాస్కు కట్టుకోవాలి.

మొదటి దశ – పునాది. నేలను 20 సెం.మీ. తవ్వి, దిమ్మిస కొట్టి, 1:2:4 పాళ్లలో కలిపిన కాంక్రీటును 10 సెం.మీ. మందాన పోయాలి. కట్టడం కన్నా అన్ని వైపులా 8 సెం.మీ. ఎక్కువ ఉండాలి. మూడు రోజులు తడపాలి.

రెండో దశ – కట్టుబడి. ఇటుకలను నీటిలో నానబెట్టి, 1:4 మాలుతో వెనక గోడను, పక్క గోడలను, తొట్టిని ఒకేసారి పెనవేసి కట్టాలి. ప్రతి మూడు వరసలకు తూకం గుండు వేసి చూడాలి. నీటిమట్టానికి కింద ఏ గోడకూ రంధ్రం ఉండకూడదన్నది ఇక్కడ ముఖ్య నియమం. గొట్టం, కరెంటు తీగ బయటికి వెళ్లే రంధ్రాలను 38 సెం.మీ. ఎత్తున పెట్టాలి. వాననీరు పొంగిపోవడానికి పెరటివైపు 35 సెం.మీ. ఎత్తున ఒక రంధ్రం ఉంచాలి. నీటికి పైన ఉన్న రంధ్రం కారదు. కింద ఉన్నది ఏదో ఒకనాడు కారుతుంది. గొట్టాన్ని గోడలో పూడ్చవద్దు. వెనక ఎడంలో, చెయ్యి అందేలా ఒక పక్కగా పైకి తీసుకువెళ్లాలి. ఏడు రోజులు తడపాలి.

మూడో దశ – దోనె. వెనక గోడ పైన 3 సెం.మీ. మందం గోడలతో దోనెను కట్టి, ముందు అంచున రాతి ముక్కను పరచాలి. ఈ ముక్క అడ్డంగా ఖచ్చితమైన సమతలంలో ఉండాలి. ఒక కొన 2 మి.మీ. పల్లంగా ఉన్నా నీరంతా అటే పోయి గోడలో మిగతా భాగం పొడిగా ఉండిపోతుంది. రసమట్టం పెట్టి చూసిన తరవాత, మాలు పచ్చిగా ఉండగానే దోనెలో చెంబుతో మెల్లగా నీరు పోసి, అంచంతా ఒకేసారి పొంగుతుందో లేదో చూసి సరిచేయాలి.

రాతి ముక్క గోడ నుంచి ముందుకు పొడుచుకు రాకూడదు. వస్తే నీరు గోడను వదిలి గాలిలోకి దూకుతుంది. సన్‌షేడ్ కింది అంచున మేస్త్రీలు సన్నని గాడి పెట్టడం మీరు చూసే ఉంటారు. నీరు గోడ వైపు పాకకుండా ఆ గాడి తెంపుతుంది. మనకు కావలసింది దానికి వ్యతిరేకం. అంచును గుండ్రంగా అరగదీసి, పూతలో కలిసిపోయేలా చేయాలి.

నాలుగో దశ – మొదటి పూత. ఇటుకల సందులను ఒక సెం.మీ. లోతు గీకి, గోడను తడిపి, వాటర్‌ప్రూఫ్ పొడి కలిపిన 1:3 మాలును 12 మి.మీ. మందాన పూయాలి. పొడి ఎంత కలపాలో సంచి మీద రాసి ఉంటుంది. తొట్టి మూలలను పళ్లెం అంచులా గుండ్రంగా తీర్చాలి. పగుళ్లు ముందుగా వచ్చేది మూలల్లోనే. ఏడు రోజులు గోనె పట్టాలు కప్పి తడపాలి. మాలు కలిపేటప్పుడు నీరు తక్కువగా, గట్టిపడిన తరవాత తడిపేటప్పుడు ధారాళంగా వాడాలి. చాలామంది దీనికి తారుమారుగా చేస్తారు.

ఐదో దశ – నీటిని ఆపే పొర. పాలిమర్ కలిసిన సిమెంటు వాటర్‌ప్రూఫ్ పూతను బ్రష్‌తో రెండుసార్లు వేయాలి. మొదటిసారి అడ్డంగా, రెండోసారి నిలువుగా వేస్తే మొదటి పొరలో వదిలిపోయిన చుక్కలు రెండో పొరలో మూసుకుంటాయి. తొట్టి, దోనె, గోడ ముందుభాగం మూడింటికీ ఈ పూత తెగకుండా ఉండాలి. గోడ మీది రెండో పొర తడిగా ఉండగానే దాని మీద ముతక ఇసుక చల్లాలి. గరుకు పూతకు అదే పట్టు. పైకి ఎవరికీ కనిపించని ఈ పొరను నా మొదటి ఫౌంటెన్‌లో నేను వేయలేదు.

ఆరో దశ – నీటి పరీక్ష. పూత ఆరిన తరవాత తొట్టి నింపి, మట్టం దగ్గర గీత గీసి, 48 గంటలు వదిలేయాలి. పక్కనే నిలువు గోడలున్న బకెట్టులో నీరు పోసి దానికీ గీత గీయాలి. ఆవిరివల్ల రెండింటిలోనూ మట్టం కొద్దిగా తగ్గుతుంది. తొట్టిలో తగ్గుదల బకెట్టులో కన్నా స్పష్టంగా ఎక్కువ ఉంటే ఎక్కడో కారుతున్నట్లే. ఈ పరీక్షలో నెగ్గిన తరవాతే గరుకు పూత మొదలుపెట్టాలి. అలంకారం పూర్తయ్యాక లోపలి లోపాన్ని సరిచేయాలంటే పగలగొట్టడం తప్ప దారి ఉండదు.

9.6 గరుకు పూత

గరుకు పూతకు 1:3 మాలు వాడాలి. రంగు కావాలంటే ఐరన్ ఆక్సైడు పొడిని సిమెంటు బరువులో నూటికి ఐదు పాళ్లు మించకుండా, నీరు పోయకముందే పొడిగా కలపాలి. పూతను పైన 10 మి.మీ., కింద 25 మి.మీ. మందం వచ్చేలా రెండు విడతలుగా వేయాలి. దీనివల్ల గోడకు ముందువైపు కొద్దిపాటి వాలు వస్తుంది. నీరు గోడను అంటిపెట్టుకొని జారడానికి ఈ వాలు తోడ్పడుతుంది. చాదర్ పలకలను వాలుగా పెట్టడంలోని సూత్రమూ ఇదే.

ఆకృతి ఇవ్వవలసిన సమయం బొటనవేలితో తెలుస్తుంది. మెల్లగా నొక్కితే గుర్తు పడాలి, వేలికి మాత్రం ఏమీ అంటకూడదు. ఎండాకాలంలో ఈ దశ త్వరగా దాటిపోతుంది కాబట్టి ఉదయం గాని, ఎండ తగ్గాక గాని పని పెట్టుకోవాలి.

• అడ్డు గాడులు: తాపీ అంచుతో అడ్డంగా, అసమానంగా గీస్తే నీరు మెట్టుమెట్టుకూ తుళ్లుతుంది. చప్పుడు ఎక్కువ, తుంపరలూ ఎక్కువ.
• నిలువు గాడులు: పళ్లున్న చెక్కతో పైనుంచి కిందికి గీస్తే నీరు పాయలుగా విడిపోయి నిశ్శబ్దంగా దిగుతుంది. పడకగది కిటికీ దగ్గర ఇది మేలు.
• రాతి తీరు: నలిపిన ప్లాస్టిక్ సంచితో గాని, కొబ్బరి పీచు ముద్దతో గాని అద్దితే నీరు పొరలా విస్తరిస్తుంది.
• ఆకు ముద్రలు: టేకు, బాదం వంటి ఈనెలు గట్టిగా ఉన్న ఆకుల వెనకవైపును నొక్కి, మర్నాడు ఒలిచేస్తే ఈనెల జాడలు మిగులుతాయి. వాటిని నీటి ధార అంతగా తగలని పక్కల్లో పెట్టడం మంచిది.

ఎత్తుపల్లాల మధ్య తేడా 8 మి.మీ. దాటకుండా చూడాలి. నీరు నిలిచే గుంటలు ఉండకూడదు. ఒకే తీరుతో గోడంతా నింపే ముందు ఒక చెక్క పలక మీద నమూనా వేసి, గట్టిపడ్డాక చెంబుతో నీరు పోసి చూడండి. కాగితం మీది బొమ్మ కన్నా ఆ పలక ఎక్కువ చెబుతుంది.

గరుకు పూతను కూడా ఏడు రోజులు తడపాలి. సిమెంటు బలాన్ని 28 రోజుల వయసులో లెక్కించడం ఆనవాయితీ. అంతవరకు ఆగి ఫౌంటెన్ మొదలుపెడితే మంచిది. మొదట పోసిన నీరు క్షారగుణంతో ఉంటుంది. రెండు మూడుసార్లు నింపి పారబోయాలి. ఆ నీటిని మొక్కలకు పోయవద్దు, చేపలను వదలవద్దు. చేతి పని ఎనిమిది పది రోజులే అయినా మొత్తం ఆరేడు వారాలు పడుతుంది. తగ్గించుకోగలిగినది పని రోజులను గాని, ఆగే రోజులను కాదు.

9.7 విద్యుత్తు జాగ్రత్తలు

నీరు, కరెంటు ఒకేచోట ఉన్నప్పుడు పొరపాటు ప్రాణాల మీదికి వస్తుంది. వీలుంటే 12 లేదా 24 వోల్టుల పంపు వాడి, ట్రాన్స్‌ఫార్మరును ఇంటి లోపల పెట్టాలి. ఇంటి కరెంటుతో నేరుగా నడిచే పంపయితే మూడు పిన్నుల ప్లగ్గు, సరైన ఎర్తింగ్, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి. కరెంటు నేలలోకి లీకయినప్పుడు ఇది సరఫరాను వెంటనే తెంపుతుంది. సాధారణ ఫ్యూజు ఈ పని చేయలేదు. ప్లగ్గు సాకెట్టు వాన తగలని చోట, నీటిమట్టం కన్నా బాగా ఎత్తున ఉండాలి. తీగ సాకెట్టులోకి వెళ్లే ముందు ఒక వంపు కిందికి వేలాడాలి. అప్పుడు తీగ వెంట పాకిన నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. తొట్టిలో చెయ్యి పెట్టే ముందు స్విచ్చి ఆపడమే కాదు, ప్లగ్గు కూడా తీయాలి. ఈ భాగాన్ని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేత చేయించాలి.

35 వాట్ల పంపును రోజుకు 5 గంటలు నడిపితే నెలకు 35 × 5 × 30 = 5,250 వాట్ గంటలు, అంటే 5.25 యూనిట్లు అవుతుంది. ఖర్చు తక్కువే. అయినా ఎవరూ లేనప్పుడు నడపవద్దు. నీరు తగ్గి పంపు బయటపడితే కాలిపోతుంది.

9.8 నిర్వహణ

గట్టి నీరు. బోరు నీటిలో లవణాలు ఎక్కువ. నీరు ఆవిరైనా లవణాలు తొట్టిలోనే మిగులుతాయి. తగ్గిన మేరకే పోస్తూ పోతే ప్రతి వారం నీరు మరింత గట్టిదవుతుంది, దోనె అంచున గార పేరుకుంటుంది, నీటి పొర చీలుతుంది. అందువల్ల పై నుంచి కలపడం కాకుండా పాత నీటిని పూర్తిగా మార్చాలి. పంపుకే ఒక గొట్టం తగిలించి తోడేయవచ్చు. పూత పాతబడి, సిమెంటు చేసిన క్షారం వదిలిన తరవాత ఆ నీరు మొక్కలకు పనికివస్తుంది.

దోమలు. డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమ మురికి కాలువల కన్నా ఇళ్ల దగ్గర నిలవ ఉన్న శుభ్రమైన నీటినే ఎంచుకుంటుంది. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు. వారానికి ఒక రోజు డ్రై డే పాటించమని ఆరోగ్య సిబ్బంది చెప్పడానికి కారణం ఇదే. ఈ దోమ గుడ్లు నీటి అంచున గోడకు అతుక్కొని, ఎండిపోయినా నెలల తరబడి బతుకుతాయి. కాబట్టి నీరు మార్చడంతో సరిపోదు. తొట్టి గోడలను బ్రష్‌తో రుద్ది కడగాలి. ఊరికి వెళ్లేటప్పుడు తొట్టిని ఖాళీ చేసి బోర్లించిన బిందెలా పొడిగా ఉంచాలి.

పసిపిల్లలు. 22 సెం.మీ. లోతు మనకు తక్కువ. తప్పటడుగుల బిడ్డకు అది ప్రమాదం. నీటికి ఒక సెం.మీ. కింద ఇనుప జాలీని బిగించి, దాని మీద గులకరాళ్లు పరిస్తే తొట్టి లోతు కనబడదు, బిడ్డ చెయ్యి లోపలికి పోదు. అయినా పిల్లలను ఒంటరిగా వదలకూడదు.

9.9 సారాంశం

గోడ ఫౌంటెన్ అంటే ఒకే నీటిని తిప్పే చిన్న వలయం. సిమెంటు పూత సహజంగా నీటిని పీల్చుతుంది కాబట్టి ఫౌంటెన్‌ను ఇంటి గోడకు ఎడంగా కట్టి, గరుకు పూత కింద నీటిని ఆపే పొర వేయాలి. తొట్టిని, పంపును లెక్క ప్రకారం నిర్ణయించాలి. నీటిమట్టం కింద రంధ్రాలు ఉండకూడదు. అలంకారానికి ముందు 48 గంటల నీటి పరీక్ష జరపాలి. మీలో కొందరు పగలు కట్టుబడి పనుల్లో ఉంటూ రాత్రి ఈ పాఠాలు చదువుతూ ఉండవచ్చు. మీ చేతికి ముందే తెలిసిన పనికి కారణాలను అందించడమే ఈ యూనిట్ ఉద్దేశం. రేపు ఎవరైనా “ఆ గోడకే పూసెయ్యి, పనయిపోతుంది” అంటే, గోడకు అవతల ఎవరు పడుకుంటారో ముందు అడగండి.

9.10 పారిభాషిక పదాలు

మాలు: సిమెంటు, ఇసుక, నీరు కలిపిన మిశ్రమం.
కేశనాళికీయత: సన్నని దారుల్లోకి ద్రవం తనంత తానుగా పాకే గుణం.
రసమట్టం: తలం సమంగా ఉందో లేదో చూపే, ద్రవంలో బుడగ ఉన్న పనిముట్టు.
ఆర్‌సీసీబీ: కరెంటు నేలలోకి లీకయితే సరఫరాను తెంపే పరికరం.

9.11 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. గోడ ఫౌంటెన్ నిర్మాణ దశలను క్రమంగా వివరించి, ఆ క్రమం మారితే కలిగే నష్టాలను చర్చించండి.
2. ఫౌంటెన్ నిర్వహణలో ఆరోగ్య, భద్రతా జాగ్రత్తలను వివరించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. పంపు పెట్టె మీది రెండు అంకెలను ఎలా అర్థం చేసుకోవాలి?
2. గరుకు పూత తీరుకు, నీటి చప్పుడుకు గల సంబంధం ఏమిటి?
3. నీటి పరీక్షలో బకెట్టును పక్కన ఎందుకు ఉంచుతారు?

మీ ప్రగతిని సరిచూసుకోండి – సమాధానాలు

1. (అ) ఎక్కువైన నీరు ఆవిరై పూతలో సన్నని దారులు ఏర్పడతాయి. వాటి ద్వారా నీరు ఇంకుతుంది. (ఆ) మొదటిదానికి ఆరడానికి వ్యవధి ఉంటుంది. రెండోది రోజూ తడుస్తూనే ఉంటుంది.
2. 6,300 ÷ (90 × 50) = 1.4 సెం.మీ.